అలౌకిక ప్రణయ చలనచిత్రము: ‘జగదేకవీరుని కథ’ గుణదోష విచారము

మానవునకును మానవాతీతలోకమునకు చెందిన వ్యక్తికిని నడుమ గాని, దేశకాలముల యెడమువలన సహజముగ కలియరాని ఇరువురు మానవుల నడుమ గాని, ఒక అద్భుతశక్తి ప్రమేయమున అంకురించు అనురాగమును ప్రధానేతివృత్తముగ గైకొన్న చలనచిత్రమును అలౌకిక ప్రణయ చిత్రమని వ్యవహరింపవచ్చును. తెలుగుదేశమున ఈ జాతి చిత్రములు వేరొక శాఖగా గణింపబడక, ‘జానపద చిత్రములు’ అను విశాలమైన పేరుక్రింద కత్తిసాములతోను, మాంత్రికులతోను, మారువేషములతోను కలిసిపోయినవి. జపానుదేశమున మాత్రము ఇది చిత్రలేఖనమునుండి పుట్టిన చలనచిత్రమున, అనగా యానిమేషనునందు, స్వతంత్రశాఖగా పెంపొంది, 2016లో వెలువడిన మకోతో షింకాయ్ గారి ‘కిమి నో నా వా’తో ప్రపంచమంతట పరిచితమయ్యెను. ఈ వ్యాసమునందు ప్రధానముగ విచారింపబడునది 1961 ఆగస్టు 9వ తేదీన విడుదలైన ‘జగదేకవీరుని కథ’. దానికి ముందు వెనుకల వచ్చిన తెలుగు చిత్రములును, జపాను చిత్రములలో రెండును తులనకై ప్రస్తావింపబడినవి.

ఈ చిత్రమునకు నిర్మాతయు, దర్శకుడును కదిరి వెంకటరెడ్డి. లోకమున ప్రసిద్ధమైన పేరు కె.వి.రెడ్డి. విజయావారి పతాకముపై చిత్రము వెలువడెను. కథాసంవిధానమున, సంభాషణములయందు, గీతములయందు పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రహణమున మార్కస్ బార్ట్లే, సంగీతమున పెండ్యాల నాగేశ్వరరావు, కళాదర్శకత్వమున మాధవపెద్ది గోఖలే, కళాధర్ పనిచేసిరి. ప్రతాపుడుగా ఎన్.టి.రామారావు, ఇంద్రకుమారి జయంతిగా బి.సరోజాదేవి, త్రిశోకానందుడను రాజుగా రాజనాల, అతని మంత్రి బాదరాయణుడుగా సి.యస్.ఆర్. ఆంజనేయులు, రెండుచింతలుగా రేలంగి, ఏకాశగా గిరిజ, పార్వతీదేవిగా కన్నాంబ, ప్రతాపుని తల్లిగా ఋష్యేంద్రమణి నటించిరి.

దేశము, దర్శకుడు

అనంతపురమునుండి, కె.వి.రెడ్డి పుట్టినయూరైన తాడిపత్రికి పోవు మార్గప్రాంతమున శింగనమల కలదు. కొండల పాదమున పెద్దచెరువును ఆశ్రయించుకొని వెలసిన ఈ గ్రామము చుట్టును ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లకు మించని వర్షపాతముగల మెట్టభూములు వ్యాపించియున్నవి. భారతదేశమున జైసల్మేరు తరువాత మిక్కిలి తక్కువ వర్షమెరిగిన జిల్లాగా అనంతపురమును చెప్పుట పరిపాటి. ఇచటి కొండపై ఋష్యశృంగుడు తపమొనర్చెనని స్థానికులు చెప్పుకొందురు. రామాయణమున బాలకాండయందు ఆ మునికుమారుని కథ ప్రసిద్ధము: అంగదేశమున అనావృష్టి ఏర్పడగా, స్త్రీముఖమెరుగని ఆ తపస్విని వారకాంతలు ఆకర్షించి నగరమునకు తోడ్కొని వచ్చిరి, అతడు అడుగిడినంతనే వానలు కురిసెను, రోమపాదుడు తన కూతురు శాంతను అతనికిచ్చి వివాహము చేసెను. వానకై అలమటించు భూమి ప్రణయమును, అద్భుతమును, వర్షమును ఒక్కకథలో ముడివేసిన ఆ మునిని తన కొండకు చేర్చుకొనుట నాకు సహజముగనే తోచును.

శింగనమలకు తూర్పున, పెన్నానది యొడ్డున, తాడిపత్రి యున్నది. విజయనగరరాజుల కాలపు బుగ్గరామలింగేశ్వర, చింతల వెంకటరమణ దేవాలయముల శిల్పములచే ఆ పట్టణము ప్రఖ్యాతము. నటశేఖరుడు బళ్ళారి రాఘవ 1880లో అక్కడనే జన్మించెను. 1912 జూలై 1న కె.వి.రెడ్డి జన్మించినదియు తాడిపత్రియే. మదరాసున భౌతికశాస్త్రమునందు పట్టభద్రుడైన ఈయన, తాడిపత్రికే చెందిన తన బాల్యమిత్రుడు మూలా నారాయణస్వామి పెట్టుబడి పెట్టిన చిత్రసంస్థలలో డబ్బులెక్కలు చూచు ఉద్యోగిగా ప్రవేశించి, పిదప వాహినీవారి చిత్రములకు నిర్మాణ నిర్వాహకుడై, ‘భక్తపోతన’తో దర్శకత్వమును చేపట్టెను. ‘యోగివేమన’ (1947), ‘గుణసుందరి కథ’ (1949), ‘పాతాళభైరవి’ (1951), ‘పెద్దమనుషులు’ (1954), ‘దొంగరాముడు’ (1955), ‘మాయాబజార్’ (1957) ఆయన కీర్తికి ఆధారములు. 1972 సెప్టెంబరు 15న ఆయన మరణించెను.

లెక్కలపుస్తకమునుండి చిత్రరంగమునకు వచ్చుట ఈ దర్శకుని విషయమున కేవలము జీవితచరిత్రకు సంబంధించిన ముచ్చట కాదు. ప్రతిదృశ్యమును చిత్రీకరణమునకు ముందే గడియారము చేతబట్టి కొలిపించి, ఏ సన్నివేశము ఎన్ని అడుగుల ఫిలిము తినవలెనో నిర్ణయించుకొని, నటులను ఆ కొలతకు లోబరచిన పద్ధతి ఆయనది. ‘మాయాబజార్’ నాటికి శిష్యుడుగా చేరిన సింగీతం శ్రీనివాసరావు ఈ పద్ధతిని పలుమారులు వివరించియున్నారు. అద్భుతమునకు కూడ లెక్క యుండవలెననునదే ఆయన నమ్మకమని ఆ చిత్రములను చూచినవారికి తోచును. ‘పాతాళభైరవి’లో దేవి వరమిచ్చినది పుణ్యము చూచి కాదు, షరతు నెరవేరినందుననే: సాహసవంతుడైన యువకుని బలి ఆమె కోరినది, మాంత్రికుడు ఆ యువకునికై వలపన్నెను, వలలో తానే పడెను. ‘మాయాబజార్’లోని ప్రియదర్శిని పెట్టె తెరచినవారికి ప్రియమైనదానిని మాత్రమే చూపును, వేరొకటి చూపదు. అద్భుతము హద్దులెరిగి మెలగినపుడే ప్రేక్షకుడు దానిని విశ్వసించునను రహస్యమును తెలుగుచిత్రములలో ఈయన గుర్తించినంత గాఢముగ మరియొకరు గుర్తింపలేదు.

కథ, దాని పూర్వరూపములు

తండ్రియైన మహారాజు కుమారుల మనోరథములను అడుగగా, పెద్దవాడైన ప్రతాపుడు తాను కలలో కనిన దేవకన్యలను పెండ్లాడగోరుదునని పలికి, తండ్రి ఆగ్రహమునకు గురియై రాజ్యమునుండి వెడలగొట్టబడును. దారిలో రెండుచింతలను చెలికానిగా పొంది, జలక్రీడలాడు ఇంద్రకుమారి జయంతిని, ఆమె చెలులను చూచి సమీపింపగా, ఆమె కోపమున అతడు శిలగా మారును. తల్లి మొరాలకించిన పార్వతి అతనిని బ్రతికించి ఉపాయము చెప్పును. ఆ ప్రకారము జయంతి చీరను దొంగిలించి దాచిన ప్రతాపునకు ఆమె భార్యయగుట తప్పనిసరియగును. పిమ్మట వారు త్రిశోకానందుని రాజ్యమునకు చేరుదురు. జయంతిపై కన్నువేసిన ఆ రాజు, బాదరాయణుని దుర్మంత్రాంగమున, ప్రతాపుని దుస్సాధ్యకార్యముల నెపమున పరలోకములకు పంపుచుండగా, అతడు పోయిన ప్రతిచోటినుండి విజయుడై ఆదిశేషుని కూతురు నాగినిని, వరుణుని కూతురును, అగ్నికుమారి మరీచిని కూడ భార్యలుగా తెచ్చును. తుదకు జయంతి అత్తగారి సేవచేసి మెప్పించి ఆమెవద్దనుండి తన చీరను గ్రహించి, సవతులతో కూడ భూలోకమును విడిచిపోవును. ఆ వియోగమునుండి ప్రతాపుడు తన సంగీతముచేతను, ఓర్పుచేతను బయటపడి భార్యలను తిరిగి పొందుట కథాంతము.

ఇదే కథ తమిళమున 1944లో పి.యు.చిన్నప్ప నాయకుడుగా ‘జగదలప్రతాపన్’ అను పేర వచ్చినది. మన చిత్రమున నాయకుడు ఐదుగురుగా తోచి కచేరి చేయు దృశ్యమునకు అదియే మార్గదర్శి. కాని కథాబీజము తమిళచిత్రముకంటె ఎంతయో ప్రాచీనము. ఋగ్వేదమున పదవమండలమందలి పురూరవ ఊర్వశుల సంవాదము మొదలుకొని, దివిజకాంత భూలోకమున ఒక నియమమునకు కట్టువడి మానవునితో కాపురముండుటయు, నియమము చెడినంతనే అతనిని వీడిపోవుటయు మన వాఙ్మయమున పరంపరగా వచ్చుచున్నవి. జపానువారి ‘హగోరొమో’ అను నో నాటకమున మీహో తీరమున పైనుకొమ్మపై వ్రేలాడు దేవకన్య వలువను హకుర్యో అను జాలరి చేజిక్కించుకొనును. ఆమె ఏడువగా, నృత్యము చేసి చూపుమని కోరి, వలువను ముందుగనే ఇచ్చివేయును. ఈ రెండుదేశముల కథలలోను స్వర్గమునకు దారి ఒక గుడ్డముక్కలో నున్నది. వలువను తిరిగి ఇచ్చుటలో జపాను జాలరి చూపిన ఔదార్యము మన రాకుమారునికి లేకపోవుట మాత్రము గుర్తుంచుకొనదగిన భేదము.

గుణములు

ఈ చిత్రమున మొదట పేర్కొనదగినది అద్భుతమును ఛాయాగ్రహణయంత్రమున లొంగదీసిన నేర్పు. చిత్రకారుని చేతిలో పుట్టు యానిమేషనునందు మనుష్యుడును, మేఘమును, దేవతయు ఒకే కుంచె రంగులనుండి వచ్చినవారే గనుక, వారిలో ఎవరు లౌకికులు, ఎవరు అలౌకికులు అను అనుమానము కంటికి కలుగదు. అనంతపురప్రాంతమునకే చెందిన ధర్మవరము చెంత నిమ్మలకుంటలో నేటికిని ఆడు తోలుబొమ్మలాటయందు కూడ ఇదే సౌలభ్యము కలదు: మేకతోలును పారదర్శకమగునట్లు చెక్కి రంగులద్ది దీపము ముందు నిలిపినపుడు, రాముడును, పదితలల రావణుడును, సముద్రము దాటు హనుమంతుడును సమానమైన సత్యముతో తెరపై కదలుదురు, ఎగురుట అచట నడచుటకంటె కష్టము కాదు. సజీవనటులను చిత్రించు కెమెరాకు ఈ సౌలభ్యము లేదు. అది ఉన్నదానినే చూచును; లేనిదానిని చూపవలెనన్న దానిని మోసగింపవలెను.

‘శివశంకరీ’ అను ప్రసిద్ధకృతి చిత్రీకరణము ఆ మోసమునకు పరాకాష్ఠ. పింగళి రచించి, పెండ్యాల దర్బారీకానడరాగమున కూర్చి, ఘంటసాల గానము చేసిన ఈ కృతిలో గాయకుడును, వాద్యములు వాయించువారును అందరును ఒక్క రామారావే. ఐదుగురు రామారావులు ఒక్కతెరపై, ఒకరి వాద్యమునకు ఒకరు తల యూచుచు కూర్చుందురు. ఇట్టి దృశ్యములకు ఆ కాలమున అనుసరించిన పద్ధతి మిక్కిలి శ్రమసాధ్యము. కెమెరా కటకము ముందు నల్లనిముసుగుంచి చట్రములో ఒకభాగమును మాత్రము తెరచి నటుని చిత్రించి, పిదప అదే ఫిలిమును వెనుకకు త్రిప్పి, మొదటిభాగమును మూసి రెండవదానిని తెరచి, మరియొక వేషమున, మరియొక స్థానమున అతనినే మరల చిత్రింపవలెను. కెమెరా రవంత కదలినను, దీపపుకాంతి రవంత మారినను అతుకు బయటపడును. నటుడు తన ప్రక్కనున్న శూన్యమును చూచి, అక్కడ తానే కూర్చున్నట్లు, తాళము తప్పక, తల ఊపవలెను. నేటి గణకయంత్రములకు సులభమైన ఈ పనిని బార్ట్లే ఏమాత్రమును అతుకు తెలియనీయక నిర్వహించెను. అంతకుమించిన విశేషమేమనగా, ఈ చమత్కారము కథకు వెలుపలి ప్రదర్శనముగ నిలిచిపోక, భార్యావియోగముచే దిక్కుమాలిన యొక మనుష్యుడు తనకు తానే పరివారమై తన దుఃఖమునకు తానే తాళము వేసికొనుచున్నాడను భావమును గూడ స్ఫురింపజేయుట. దర్శకుడు ఈ అర్థమును ఉద్దేశించెనో లేదో యెట్లున్నను, దృశ్యమున అది కలదు.

రెండవగుణము పింగళివారి భాష. దేవేంద్రుని కుమార్తె మొదలు దారినపోవు విదూషకుని వరకు ప్రతివాడును తన స్థాయికి తగిన పలుకుబడిని విడువడు. అయినను ఎవరి మాటయు నిఘంటువునుండి తీసినట్లుండదు. బాదరాయణుడు రాజును పొగడు తీరు ముప్పదియేండ్ల రంగస్థలాభ్యాసమును ఒక్క దీర్ఘస్వరమున ఇమిడ్చినట్లుండును. రాజు దుష్టుడైనను, మంత్రి అంతకుమించిన దుష్టుడైనను, వారిరువురి సంభాషణమున వినిపించు కపటవినయము, కపటవైరాగ్యము ప్రేక్షకుని ద్వేషమునకు బదులు ఆసక్తినే పెంచును. సి.యస్.ఆర్. వంటి నటునికి తగిన పాత్రను వ్రాయగల కవియు, ఆ పాత్రను కత్తిరింపక నిలుపగల దర్శకుడును ఒకేకాలమున నుండుట తెలుగుచిత్రముల భాగ్యము.

పెండ్యాల సంగీతమున కర్ణాటకసంప్రదాయముతోపాటు హిందూస్థానీ రాగచ్ఛాయలును కలసి ప్రవహించినవి. దేవకన్యల జలక్రీడాగీతమున కోరసుస్వరములు నీటి అలలవలె ఒకదానిపై నొకటి ఎగయును. దంపతుల యుగళగీతములు మితమైన వాద్యములతో మాటలకు చోటిచ్చును. మూడుగంటలకు పైబడిన చిత్రము విసుగుపుట్టింపక సాగుటకు ఈ పాటలు ముఖ్యకారణము.

దోషములు

ఇన్ని గుణములుగల చిత్రమున ప్రణయమే బలహీనమైన అంశమని చెప్పవలసివచ్చుట బాధాకరము. అయినను చెప్పక తప్పదు. ప్రతాపునకు జయంతి భార్యయైనది అనురాగముచేత కాదు, చీర పోయినందున. ఇంతకుముందు వర్ణించిన దర్శకుని లెక్క ఇచట అతనికే ఎదురుతిరిగినది: అద్భుతమునకు నియమము కలదు, నియమము నెరవేరెను, వివాహము జరిగెను, కాని ఆమె మనస్సు ఏ క్షణమున మారినదో చూపు దృశ్యము లేదు. నీటిఒడ్డున శాపమిచ్చిన సుందరి తరువాతి ఘట్టములలో పతివ్రతగా, కష్టసుఖములలో భాగస్వామినిగా, త్రిశోకానందుని ఎదిరించు ధీరగా కనిపించును. ఆ మార్పు సరోజాదేవి నటనమున కొంత పూడ్చబడినను, కథలో పూడ్చబడలేదు. చీర దొరికినంతనే ఆమె వెడలిపోవుటయే ఇందుకు సాక్ష్యము. పోవునపుడు ఆమెకు కలిగిన సంకోచమును కథ విపులముగ చూపియున్నచో, ఆమె తిరిగివచ్చుట ప్రణయకథకు నిజమైన ముగింపు కాగలిగెడిది. చిత్రము ఆమెను వదలి భర్త దుఃఖమునే అనుసరించును.

ఇదే దర్శకుడు ఇతరచిత్రములలో ఈ లోపము లేక కథ నడుపగలిగెననుట గమనింపవలెను. ‘మాయాబజార్’లో శశిరేఖాభిమన్యులు చిన్ననాటనే ఒకరినొకరు వలచినవారు, ఘటోత్కచుని మాయ వారి ప్రేమను పుట్టింపలేదు, పెద్దల లోభమునుండి కాపాడినది మాత్రమే. ‘గుణసుందరి కథ’లో శాపవశమున ఎలుగుగొడ్డుగా మారిన భర్తకై కడగండ్లు పడునది భార్య, కథను మోయునది ఆమె యిచ్ఛ. ‘పాతాళభైరవి’లో తోటమాలి కొడుకు తోటరాముడు రాకుమారి ఇందుమతిని ప్రేమించును, ఆమెయు అతనిని ప్రేమించును, దేవి వరమున లభించిన ధనము రాజు విధించిన షరతును తీర్చుటకే. ఈ మూటియందును మాయ ప్రేమకు సేవకురాలు. ‘జగదేకవీరుని కథ’లో మాయయే ప్రేమ స్థానమును ఆక్రమించినది.

తక్కిన ముగ్గురు భార్యల విషయమున లోపము ఇంకను స్పష్టము. నాయకుడు ఒక లోకమునకు పోవుట, ఆ లోకపు కన్యను పొంది తిరిగివచ్చుట అను క్రమము మూడుమారులు జరుగునప్పటికి ప్రేక్షకునికి రానున్నది ముందే తెలిసిపోవును. నాగిని, వరుణపుత్రి, మరీచి ఒక్కొక్కరు ఒక్కొక్క లోకమునకు గుర్తులుగా మిగిలిరే గాని, ఈమె ఇట్టిదని ప్రత్యేకముగ స్మరింపదగిన స్వభావమేదియు వారిలో ఒక్కరికిని ఏర్పడలేదు. జానపదకథను చెప్పుకొనునపుడు ఈ పునరుక్తి గుణమే; వినువారికి అది ఊతమిచ్చును. తెరమీద, ప్రతిలోకమునకు వేరువేరు అలంకరణములు కల్పింపవలసినచోట, అదే పునరుక్తి ఖర్చుగా మారును. స్వర్గము, సముద్రగర్భము, అగ్నిలోకము చిత్రించిన తెరలు కొన్నిచోట్ల నాటకపుతెరలను తలపించుటకు కారణమిదియే.

హాస్యమును గూర్చి భిన్నాభిప్రాయములు కలవు. రెండుచింతలు, ఏకాశల ప్రణయము ప్రధానకథకు విడ్డూరమైన ప్రతిబింబముగ ఉద్దేశింపబడినది. వారి పాటలు నేటికిని జనప్రియములు. అయితే త్రిశోకానందుని ఆస్థానమున గడచు కాలము ప్రతాపజయంతుల దాంపత్యమునకు కేటాయింపబడిన కాలముకంటె హెచ్చు. మంత్రి రాజుల సంభాషణమున నేను పొందిన ఆనందమును దాచను. కాని ప్రణయచిత్రమున ప్రేమికులకంటె వారి శత్రువులు స్మరణీయులగుట నిర్మాణమున ఏదియో తూకము తప్పినదనుటకు గుర్తు.

జపాను చిత్రములతో తులన

షింకాయ్ గారి ‘కిమి నో నా వా’ 2016 ఆగస్టు 26న జపానున విడుదలై 2,500 కోట్ల యెన్లకు పైగా వసూలు చేసినది. కొండపల్లెయైన ఇతోమొరిలో నివసించు మిత్సుహా అను బాలికయు, టోక్యోనగరమున నివసించు తాకి అను బాలుడును నిద్రలో ఒకరి దేహమునొకరు పొందుచుందురు. మేల్కొనినపుడు జరిగినదంతయు కలవలె మరుగుపడును గనుక, చరవాణిలో చీటీలు వ్రాసిపెట్టుకొని ఒకరి దినచర్యను ఒకరు చక్కబెట్టుకొందురు. వారి నడుమ మూడేండ్ల కాలభేదమున్నదనియు, తోకచుక్క శకలము పడి ఆ పల్లె అప్పటికే నాశనమైనదనియు కథ నడిమిభాగమున తేలును.

ఈ చిత్రపు బలము అద్భుతముయొక్క సమానత్వమునందున్నది. ఇచట ఎవరును ఎవరిని పట్టితేలేదు. ప్రతివారును రెండవవారి ఇంటిలో అన్నము తిని, వారి బడికి పోయి, వారి బంధువుల మాటలుపడి, వారి కష్టమును లోపలినుండి ఎరుగుదురు. అనురాగము అట్లు పుట్టుట ఎంతయు సమంజసము. మిత్సుహా తన జుట్టుకు కట్టుకొను ఎర్రని అల్లికత్రాడును రైలులో తాకికి తానుగా ఇచ్చును. అతడు ఆమెను ఇంకను ఎరుగని కాలమున అది జరుగును. మన చిత్రమున దాచబడిన చీరయు, వారి చిత్రమున ఇవ్వబడిన త్రాడును ప్రక్కప్రక్క నుంచి చూచినచో, రెండుచిత్రముల ప్రణయములలోని తారతమ్యము వివరణమక్కరలేకయే బోధపడును. నగరపు కిటికీలపై ప్రాతఃకాంతి, పల్లెసరస్సుపై సంధ్యారాగము, ఆకాశమున చీలు తోకచుక్క, ఇవి యన్నియు రాడ్‌వింప్స్ బృందపు సంగీతముతో కలసి మనస్సునకు హత్తుకొనును.

దోషములు దానికిని లేకపోలేదు. ఒకరి చరవాణిని ఒకరు దినదినము వాడుకొను ఇరువురు, తమ సంవత్సరములు వేరని అంతకాలము గుర్తింపకుండుట నమ్మశక్యము కాదు. ఊరిని ఖాళీచేయించుటకు మిత్సుహా తన తండ్రిని, ఆ ఊరి పాలకుని, ఎట్లు ఒప్పించెనో చూపవలసిన కీలకదృశ్యమును చిత్రము దాటివేసినది. తండ్రి ఎదుట ఆమె నిలిచినంతవరకే చూపి, ఫలితమును తరువాత చెప్పును. జ్ఞాపకములు చెరిగిపోవుటకు గల నియమమును కూడ కథకు అవసరమైనచోట బిగించి, అవసరములేనిచోట సడలించిరి. అద్భుతమునకు లెక్క చెప్పుటలో కె.వి.రెడ్డి షింకాయ్‌కంటె నిష్ఠగలవాడు. అద్భుతముచే హృదయములను కలుపుటలో షింకాయ్ మిన్న.

2013లో వెలువడిన ఇసావో తకహాతా చిత్రము ‘కగుయాహిమె నో మొనొగతారి’ వెదురుకొట్టువాని ప్రాచీనకథపై ఆధారపడినది. వెదురుబొంగులో దొరికిన చంద్రలోకపు బాలికను పెంపుడుతండ్రి రాజధానికి కొనిపోయి రాకుమారిగా తీర్చిదిద్దును. అధికారులు, తుదకు చక్రవర్తియు ఆమెను కోరుదురు. ఆమె వారిలో ఎవరిని కోరదు. తుదిని చంద్రలోకవాసులు వచ్చి దివ్యవస్త్రమును కప్పినంతనే భూలోకపు జ్ఞాపకములన్నియు ఆమెనుండి తొలగిపోవును. ఇచట వస్త్రము స్వర్గమునకు దారియే గాని, ఆ దారి ఆమె కోరినది కాదు. నీటిరంగుల లేతగీతలతో, తెల్లకాగితమును విడిచి విడిచి గీసిన ఆ చిత్రమున కథనము దీర్ఘమైనదను ఆక్షేపణ ఉన్నను, దేవకన్య మనస్సును ఆమె వైపునుండి చూపుటలో దానికి సాటి రాదగిన చిత్రము మన భాషలో ఇంకను రావలసియున్నది. మనుచరిత్రములో వరూధిని మాయాప్రవరునిచే వంచితయైన ఘట్టమును వ్రాసిన భాషకు ఆ శక్తి కొరతగా నుండదు.

అనంతరపరంపర

‘జగదేకవీరుని కథ’ తరువాత కె.వి.రెడ్డి ‘శ్రీకృష్ణార్జునయుద్ధము’ (1963), ‘సత్యహరిశ్చంద్ర’ (1965), ‘ఉమాచండీ గౌరీ శంకరుల కథ’ (1968) మున్నగు చిత్రములను తీసెనుగాని, ముందటి విజయము వీనిలో చివరి రెంటికి లభింపలేదు. అలౌకిక ప్రణయము వేరుత్రోవలు తొక్కెను. 1964లో ఆదుర్తి సుబ్బారావు ‘మూగమనసులు’ దేవకన్యలను, లోకాంతరములను విడిచి, గోదావరిపై పడవనడుపు యువకుని, జమీందారు బిడ్డను పునర్జన్మచే కలిపినది. అద్భుతము అచట ఒక్కటే, అదియు చావుకు అవతల, తక్కినదంతయు పల్లెజీవితము. మితమైన అద్భుతము ఎంత గాఢముగ పనిచేయునో ఆ చిత్రము ఋజువు చేసినది.

1990 మే 9న, తీరాంధ్రమును తుపాను ముంచెత్తుచున్న దినమున, కె.రాఘవేంద్రరావు దర్శకత్వమున అశ్వినీదత్ నిర్మించిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ విడుదలయ్యెను. పేరునందే పూర్వచిత్రస్మరణ కలదు. ఇందును నాయిక ఇంద్రుని కూతురే. శ్రీదేవి ఆ పాత్రను ధరించెను. ఇందును స్వర్గమునకు తిరిగిపోవుటకు ఆవశ్యకమైన వస్తువు భూలోకమున మానవుని చేత చిక్కును. కాని ఆ వస్తువు చీర కాదు, ఉంగరము. అది దొంగిలింపబడినది కాదు, ఆమె చేతినుండి జారిపడినది. దానిని ధరించిన చిరంజీవి పాత్రకు చిరకాలము దాని మహిమయే తెలియదు. ఉంగరముకై వచ్చిన దేవకన్య అతని ఇంట, అతడు పెంచు అనాథబాలుర నడుమ, భూలోకపు తీరుతెన్నులను నేర్చుకొనుచు, క్రమముగ ఆ యింటిపై మమకారమును పెంచుకొనును. తుదకు స్వర్గమును వదలుకొనునదియు ఆమెయే. మాంత్రికుని ఘట్టములలోను, పాటల అలంకరణములలోను ఆ చిత్రము ఆడంబరమునకు లోనైనను, 1961 నాటి కథలో పూడక మిగిలిన వెలితిని, ఇంద్రకుమారి యిష్టమును, ఇరువదితొమ్మిదేండ్ల తరువాత అది పూరించినది.